నీళ్లకు జ్వరం

తొంభై ఆరు గుంటల పళ్లెం.
తొంభై నాలుగింటిలో మనుషులు,
ఒకదాంట్లో రోగమని ముందే తెలిసిన తునక,
చిట్టచివరి మూలన, హెచ్ పన్నెండులో
ఉత్త నీళ్లు.

ఆ నీళ్లకు వయసు లేదు, వీధి లేదు,
ఎవరి ముక్కులోంచీ రాలేదు.
ఏమీ లేకుండా ఉండటమే దాని ఉద్యోగం.

రాత్రి రెండుంబావు, గిండీ.
అంబులెన్సులు తప్ప ఊరంతా తలుపులేసుకుంది.
తెర మీద గీతలు లేవడం మొదలైంది,
పొయ్యి మీద పాలలాగా
ఎంతోసేపు ఏమీ ఎరగనట్టుండి, ఒక్కసారిగా.
ఇరవయ్యో చుట్టులో ఒకటి,
ఇరవై నాలుగులో మూడు.
ముప్పయ్యారులో
హెచ్ పన్నెండు లేచింది.

నీళ్లకు జ్వరం!

ఆరోకియరాజ్ నా భుజం మీంచి చూసి
తమిళంలో ఓ మాటన్నాడు, ఇక్కడ రాయను.
"ముప్పయ్యారే కదక్కా, చూడనట్టుందాం.
ఏడింటికి రిపోర్టులు పోవాలి" అన్నాడు తర్వాత.
పోవాలి, నిజమే.
కానీ నీళ్లే అబద్ధమాడితే
ఈ పళ్లెంలో ఇంకెవరి మాట నమ్మను?

పదకొండున్నరకి ఒక మూత టప్పున ఊడింది.
అప్పుడు గ్లవ్ మార్చానా?
మార్చినట్టే గుర్తు.
కళ్లద్దాల నిండా ఆవిరి, గుర్తుకి సాక్షి లేదు.

మూడింటికి ఫోను.
ఈ నంబరు ఎవరిచ్చారో, కొరుక్కుపేట నుంచి ధనకోటి అట.
తమిళంలో మొదలెట్టి, నా "అయ్యో" విని
తెలుగులోకి దిగిపోయాడు.
"మా అమ్మకి డయాలసిస్‌మ్మా. నిన్నే కావాల్సింది.
రిపోర్టు లేందే కుర్చీ ఇవ్వమంటున్నారు.
కాళ్లు చూస్తే గుమ్మడికాయల్లా ఉన్నాయి."

వాళ్లమ్మ సి అయిదులో ఉంది.
సి అయిదు కూడా ముప్పయ్యారులోనే లేచింది,
సరిగ్గా నీళ్లలాగే.
అది ఆమె రోగమో, నా చెయ్యో.

"మళ్లీ చేస్తున్నాం" అన్నాను.
"ఏమైందమ్మా?"
"నీళ్లు..." అన్నాను, ఇంకేం చెప్పాలో తెలీక.
కాసేపు మాట్లాడలేదు.
"అక్కడ కూడా రావట్లేదా?" అన్నాడు, జాలిగా.

నవ్వొచ్చింది. మాస్కు లోపల నవ్వు
ఊపిరంత వేడిగా ఉంటుంది.

పళ్లెం సంచిలో కట్టేశాం.
బల్లకి బ్లీచు, పైపెట్లకి బ్లీచు,
తలుపు పిడికి బ్లీచు,
చేతుల్ని కూడా ముంచేద్దామనిపించింది.
సీలు విప్పని సీసాలోంచి కొత్త నీళ్లు.
మళ్లీ ఒకటి నుంచి తొంభై నాలుగు దాకా
ఒక్కొక్కరినీ పిలిచినట్టు, చుక్క చుక్క.
ఈసారి ఆరోకియరాజ్ పక్కన నిలబడి
నా చేతుల్నే చూస్తూ పైకి లెక్కపెట్టాడు.
షణ్ముగవడివు మేడం ఆరుకే వచ్చి
ఏమీ అడక్కుండా కుర్చీ లాక్కుని కూర్చున్నారు.
అడిగితే బాగుండేది.

ఏడున్నర దాటింది.
ముప్పయ్యారు. ముప్పయ్యేడు. నలభై.
హెచ్ పన్నెండు లేవలేదు.
నీళ్లు నీళ్లలా ఉన్నాయి.
సి అయిదు కూడా పడుకునే ఉంది.
నిన్న దాంతోపాటు ఆలస్యంగా లేచిన నలుగురిలో
ముగ్గురు పడుకున్నారు,
ఒకాయన మాత్రం మళ్లీ లేచాడు.
ఆయన ఇంటికి ఇంకెవరో ఫోను చేస్తారు.

నా పని కాకపోయినా ధనకోటికి చేశాను.
ఎంగేజ్.
మళ్లీ చేశాను.
ఎంగేజ్.

వ్యాసర్‌పాడి చేరేసరికి లారీ వచ్చి ఉంది.
సున్నంతో గీసిన వలయాల్లో
ఆకుపచ్చ బిందెలు, నారింజ బిందెలు,
మనుషుల కంటే పద్ధతిగా ఎడమెడంగా.
నా వెనక వలయం మాత్రం ఖాళీ.
నేనెక్కడ పనిచేస్తానో వీధికంతా తెలుసు.

ఆ ఖాళీ అవతలి నుంచి పంకజవల్లి
తన బిందెలోకి వంగి వాసన చూసి
"నువ్వు చెప్పక్కా, ఈ నీళ్లు మంచివేనా?" అంది.

నాలుక చివరిదాకా వచ్చింది:
గంటన్నర ఆగు, చెప్తాను.